తాజ్ చివరి ఉత్తరం

"నేను దుశ్మన్‌కు భయపడ, భాయ్!"

తాజ్ పోయిన రోజున ఏటా పెట్టే బర్సీ భోజనాలకు వచ్చిన చుట్టాల ముందు రహమాన్ ఏటా చదివినట్టే తమ్ముడి చివరి ఉత్తరం చదివాడు. బర్మా యుద్ధంలో విమానం కూలి తాజ్ పోయి పదేళ్లయింది. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు.

"ఈసారి నేను చదువుత, భాయ్‌సాబ్," అంది తాజ్ భార్య జాహెదా. "నాకిప్పుడు అక్షరాలొచ్చినయి."

రహమాన్ మడవబోతుంటే ఉత్తరం లాక్కుంది. వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది.

"విమానం చూస్తెనే వాంతొస్తుంది, భాయ్. పెద్ద సాబ్‌కు దరఖాస్తు రాసి నన్ను వాపస్ పిలిపించు."

ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"ఇది వచ్చినంక నెల బతికిండు. దరఖాస్తు రాసినవా, భాయ్‌సాబ్?"

"పిరికోడంటరు. సంగారెడ్డిల మన ఇజ్జత్ పోతదని..."

జాహెదా రహమాన్ ముందున్న పలావు పళ్లెం తీసేసింది. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కుంది.