ఏటవాలు ఎండ

విమానం మళ్లీ వచ్చింది.

విల్ట్‌షైర్ అనే ఇంగ్లీషు పల్లెసీమలో అది 1929 వేసవి. పొద్దు వాలేవేళ, కూంబ్ గుట్ట మీద ఆ చిన్న విమానం సీతాకోకలా తేలుతోంది. గుడ్డ రెక్కల్లోంచి ఎండ కారుతోంది. గొర్రెలు కూడా మేత మానేసి తలలెత్తాయి.

అబ్నర్ మాత్రం పిడికిలి ఊపాడు.

"దొర తొత్తు! కంచె ఎక్కడ పాతాలో పైనుంచి చూసుకుంటోంది. వాళ్లకు సొంత విమానాలు. మనకు సొంత గడ్డి కూడా లేకుండా చేస్తారు."

గుట్ట ఊరిది. తాతలు దున్నిన నేల. నాగలి పడిన ఆనవాలే లేదు, మొత్తం నాదే అన్నాడు దొర. సోమవారం కోర్టు తీర్పు. ఓడితే మందలు అమ్ముకుని ఊరొదలడమే.

"ఎవరో ఆడమనిషే," అంది అతని భార్య థర్జా. "నిన్న చెయ్యి ఊపింది."

"నువ్వూ ఊపావా?"

"ఊపాను. అయితే ఏంటి?"

"సిగ్గులేకపోతే సరి!"

పైన ఇంజను దగ్గింది. ఆగింది. విమానం గాలిలో ఒక్క క్షణం నిద్రపోయినట్టు నిలిచి, మెల్లగా ముక్కు దించి, గడ్డిలోకి కూలింది.

ఇద్దరూ పరుగెత్తారు.

విమానం నడిపినామె ఒళ్లో చెక్కపెట్టె. రెండు చేతులూ దానిమీదే.

"తెరవకండి... ఎండ..." అంది. థర్జా ఒడిలోనే ప్రాణం పోయింది.

"విన్నావా? ఏదో దాస్తోంది," అన్నాడు అబ్నర్.

"పోయినదాని మాటయ్యా. తెరవకుండా ఉంచు."

"పోయినా దొర మనిషి దొర మనిషే."

కత్తి మొనతో మూత పెకలించాడు. లోపల పాలపూత పూసిన గాజు పలకలు. ఒక్కొక్కటే ఎండకు పట్టి చూశాడు. గీత లేదు, అక్షరం లేదు. గడ్డిలో పడేశాడు.

ఊరి తరఫు వకీలు లిడ్జెట్ సైకిలు కిందే వదిలేసి, రొప్పుతూ గుట్టెక్కాడు. ఆమెను చూసి టోపీ తీశాడు. పలకల్ని చూసి కూలబడ్డాడు.

"వెలుతురు తగలనిచ్చారా? వీటిలో ఇంకా కడగని ఫొటోలుండేవి. చచ్చిపోయాయి."

"ఏం ఫొటోలు వకీలుగారూ?"

"దున్నిన చాళ్లవి. నేలమీద నిలబడితే కనబడవు. పొద్దు వాలినప్పుడు పైనుంచి చూస్తే నీడలై లేస్తాయి. దొర చెవిన పడుతుందని మీకు కూడా చెప్పలేదు."

అబ్నర్ వంగి, గడ్డిలోని పలకల్ని ఒక్కొక్కటే తిరిగి పెట్టెలోకి ఏరసాగాడు.

"అయితే ఈ అమ్మ దొర మనిషి కాదా?" అంది థర్జా.

"మీ తాతల చాళ్లను కళ్లారా చూసిన మనిషి, ఈ భూమ్మీద ఈమె ఒక్కతే."