చదవడానికి మాత్రమే

పెన్‌డ్రైవ్ పెట్టారు. తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క వచ్చి ఆగిపోయింది. తీసి మళ్లీ పెట్టారు. అదే ముక్క.

“మాది లినక్స్ కంప్యూటరమ్మా. దీనికి ఎక్కట్లేదు,” అన్నాడు ఎస్సై.

సూర్యావతి తలూపింది. స్టేషన్‌కి రాకముందు నెట్ సెంటర్లోనూ పెట్టించింది. అక్కడి కంప్యూటర్ ఫార్మాట్ చేయమంటే భయపడి తీయించేసింది.

ఆమె మొగుడు కొండబాబు కొబ్బరి దింపుకి వెళ్తూ అంబాజీపేట రోడ్డులో పోయాడు. ఏదో బండి గుద్దేసి వెళ్లిపోయింది. అక్కడున్న కొబ్బరి కొట్టు కెమెరాలో అదంతా పడింది. షావుకారు ఆ కాస్తా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. పెద్దకార్యం అయ్యేదాకా ఇల్లు కదలకూడదన్నారు. ఈలోగా కెమెరాలో పాతవి చెరిగిపోయాయి. మిగిలింది ఇదొక్కటే.

ఇదంతా చెబుతున్నా ఆమెకి ఏడుపు రాలేదు. అతను పోయినప్పట్నుంచీ అంతే. పెడితే తింటుంది, రమ్మంటే వస్తుంది.

ఎస్సై బజార్లో కంప్యూటర్లు బాగుచేసే ఏడుకొండలుకి కబురు పెట్టాడు. యాభై దాటిన మనిషి. వచ్చి కుర్చీలో కూర్చుంటూ, “ఇందులో ఏముందండీ?” అన్నాడు.

ఎస్సై చెప్పాడు.

ఏడుకొండలు సూర్యావతి వైపు తిరిగాడు. “ఎప్పుడు జరిగిందమ్మా?”

“మొన్న అమావాస్య నాడండి. తెల్లారగట్ట.”

“ఏం బండో చూసినోళ్లు ఉన్నారా?”

“తెల్ల వ్యానంటున్నారండి. అంతకుమించి ఎవరికీ తెలీదు.”

అతని చేతులు కీబోర్డు మీదే ఉన్నాయి. చాలాసేపు కదల్లేదు. ఇక ఇది పనికిరాదు కాబోలు అనుకుంది సూర్యావతి. అలా అనుకున్నా ఏమీ అనిపించలేదు.

“పోనీ, ఆ ఫార్మాటేదో కొట్టేస్తే తెరుచుకుంటుందా?” అన్నాడు ఎస్సై.

“ఆయ్, తెరుచుకుంటుందండి. లోపల మాత్రం ఏమీ ఉండదు.”

ఆ మాటని కీబోర్డు మీంచి చేతులు తీశాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత నల్లటి తెరొకటి తెరిచి, నెమ్మదిగా ఏదో టైపు చేయడం మొదలుపెట్టాడు.

“కాపీ అయ్యీ అవ్వగానే లాగేసినట్టున్నారండి. అందుకే మొరాయిస్తోంది. చదవడానికి మాత్రమే తెరుస్తున్నాను. ఇలా తెరిస్తే ఎవరూ ఏదీ చెరపలేరు. నా చేత్తో నొక్కినా చెరగదండి.”

తెరుచుకుంది. ఎస్సై గబుక్కున వీడియో నొక్కబోయాడు.

“ముందు కాపీ తీసి ఉంచుకోండి. తర్వాత చూద్దురుగాని.”

కాపీ అయింది. వీడియో కదిలింది. కొట్టు ముందున్న లైటు వెలుతుర్లోకి కొండబాబు మోపెడ్ మీద వచ్చాడు. తలకి తువ్వాలు, హ్యాండిల్‌కి క్యారేజీ. సూర్యావతి ముందుకి వంగింది. అతను బతికున్న ఆ కాసేపూ రెప్ప వేయలేదు.

వెనకనుంచి వ్యాను గుద్దింది. కొంత దూరం పోయి ఆగింది. ఓ కుర్రాడు దిగి వెనక్కి నడిచొచ్చాడు. పడున్న మనిషిని చూశాడు. అటూ ఇటూ చూశాడు. వెళ్లి బండెక్కేశాడు.

ఎస్సై వీడియో వెనక్కి జరిపి, కుర్రాడి దగ్గర ఆపాడు. “నంబరు ఆనట్లేదు. మొహమైతే ఉంది. ఈ మొహం పట్టుకుని ఎక్కడని వెతకాలి?”

“వెతకక్కర్లేదండి, మా చిన్నోడు ఇంట్లోనే ఉన్నాడు,” అన్నాడు ఏడుకొండలు.