కొత్త కారు అద్దం

నంద్యాల షోరూమ్‌లో తాళాలు అందుకోగానే మా నాయన దస్తగిరి నేరుగా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి జీపు తోలుతున్న మనిషి. నా జీతానికి అందిన చిన్న కారే అయినా, మొదట ఆయనే తోలాలని పట్టుబట్టాను.

"ఏందప్పా, కొత్త బండికి ఇట్లా మసక అద్దం ఏసినారు?" అని షోరూమ్ అతన్ని అడిగాడు.

అతను నవ్వి, గుడ్డతో అద్దం తుడిచాడు. నాయనకు నచ్చలేదు. దిగి, భుజం మీది టవల్‌తో తనే తుడిచాడు. మళ్లీ ఎక్కి లోపల తుడిచాడు.

"అద్దం బాగానే ఉండాది గదా నాయనా," అన్నాను చంకలోని నా బిడ్డను సర్దుకుంటూ.

ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు వైపు చూశాడు. తల లోపలికి తీసుకుని అద్దంలోంచి చూశాడు, మళ్లీ బయటపెట్టి చూశాడు.

"జీపు అద్దం పాతబడి మసకగా ఉందనుకుంటాంటి పాపా," అన్నాడు మెల్లగా. "రెండేండ్ల నుంచి."

కారు తాళం తీసి నా చేతిలో పెట్టాడు. జేబులోంచి జీపు తాళం కూడా తీసి దాని మీద పెట్టాడు.

గేటు పక్కన జీపు ఆగి ఉంది. పొద్దున ఆళ్లగడ్డ నుంచి అందులోనే వచ్చాం. నెలల బిడ్డను ఒళ్లో వేసుకుని నేను ముందు సీట్లో కూర్చున్నాను. తోలేది నాయనే కదా అని దారంతా నిద్రపోయాను.