అదే సంతకం

గూడూరు నుంచి బదిలీ మీద వచ్చిన మేనేజర్ జయరావు రేణిగుంట ఫ్యాక్టరీలో కుర్చీ ఎక్కి రెండు రోజులే అయింది. అందరూ వంగి వంగి దండాలు పెట్టి పోయారు. ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ మునిప్రసాద్ ఒక్కడు తప్ప.

అతను కుడిచేయి ప్యాంటు జేబులో పెట్టుకునే లోపలికొచ్చాడు. కొండ మీది లడ్డూ ఇస్తే ఎడమచేత్తో అందుకుని కళ్లకద్దుకున్నాడు. జయరావుకు ఒళ్లు మండింది.

"ప్రసాదం ఎడమచేత్తోనా? ఆ జేబులో చేయి బయటికి తీయవా?"

"లైను మీద పనిచేసేటప్పుడు ఒక చేయి జేబులోనే ఉండల్లని మా మేస్త్రి నేర్పించినాడు సార్. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతాది."

ఇక్కడ లైనెక్కడుంది? ఉత్త తలపొగరు. జయరావు ఒక కాగితం ముందుకు తోశాడు. ఆరుగురు ఎలక్ట్రీషియన్లకు, కరెంటు పరీక్షించడానికి చేత్తో పట్టుకునే ఆరు కొత్త మీటర్లు. ఫోర్‌మన్ సంతకం పడితే ఆర్డరు వెళ్తుంది.

మునిప్రసాద్ చదివి, వెనక్కి తోసేశాడు.

"ఇవి మెయిన్ ప్యానెల్‌కు పనికిరావు సార్."

"వెయ్యి వోల్టులని రాసుంది కదయ్యా!"

"రాసేదానికేముంది? ప్యానెల్లో కరెంటు ఒక్కోసారి ఎగదన్నుతాది. ఆ దెబ్బకు ఇట్లాంటివి పేలిపోతాయి. ఓర్చుకునేది కేటగిరీ నాలుగు మీటరే. ఇవి ఇంట్లో ప్లగ్గు సూసుకునేదానికి."

"అది ఒక్కటి కొనే డబ్బుకు ఇవి ఆరొస్తాయి."

"ఆరు మీటర్లు వస్తాయి సార్. ఆరుమంది మనుషులు రారు."

"సంతకం పెట్టకపోతే నీ ఉద్యోగం ఉండదు!"

"పోనీండి. పెట్టను."

అని నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. జయరావు మాత్రం ఊరుకునే రకమా? పాత ఫైళ్లు తెప్పించి తిరగేశాడు. ఒక పేజీ దగ్గర అతని మొహం వెలిగిపోయింది.

"ఆరేళ్ల కిందట ఇదే మీటరు కొన్నారు. కింద ఈ సంతకం ఎవరిది? ముత్యాల్లాంటి అక్షరాలు!"

మునిప్రసాద్ ఎడమచేత్తో ఫైలు దగ్గరికి లాక్కుని చూశాడు.

"నాదే సార్. ఆ పొద్దు పై సారు గద్దించినాడని నోరు మూసుకుని పెట్టేసినాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు."

"అప్పుడు పెట్టినవాడివి ఇప్పుడు నీతులు చెప్తావా? అచ్చం అదే సంతకం ఇక్కడ పెట్టు!"

జయరావు పెన్ను మూత తీసి మరీ ముందుకు చాచాడు.

"అది ఇంక రాదు సార్," అంటూ మునిప్రసాద్ జేబులోంచి తీసి కాగితం మీద పెట్టిన కుడిచేయి మణికట్టు వరకే ఉంది.