తీసిన చోటే

"సంచి ఇప్పు బాబూ," అంది జగ్గమ్మ, దారికి అడ్డంగా నిలబడి.

కొండపండగనాడు పులిగెడ్డ కొండ నుంచి దిగేవాళ్ల కొంగులూ జేబులూ తడిమి చూడటం ఆమె పని. ఆ రోజు వండింది అక్కడే తినాలి. కొండది పుల్లముక్కైనా ఊళ్లోకి రాకూడదు. సొంత మనవరాలి కొప్పులోంచి అడవిమల్లెను పీకి పారేసిన మనిషి ఆమె!

ఈయనెవరో వెలిసిపోయిన టోపీ పెట్టుకుని ఒంటరిగా వచ్చాడు. పండగనాడు కొండమీద కనబడ్డవాడికి అన్నం పెట్టాల్సిందే కాబట్టి పెట్టింది. గుమ్మడికాయ పులుసు మారు వడ్డించింది కూడా.

సంచిలో నల్లరాయి ముక్క ఉంది.

జగ్గమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ నల్లరాయి కోసమే ఒక కంపెనీ లోయంతా పేల్చడానికి అనుమతి తెచ్చుకుంది. పేలిస్తే అడవి పోతుంది, లోయలో పారే గెడ్డలో నీళ్లు పోతాయి, వాటితో పండే పొలాలూ పోతాయి.

"తిన్న సెయ్యి ఆరనేదు, కంపెనీకి మచ్చు పట్టుకెల్తన్నావా? ఎక్కడ తీసినావో అక్కడే పెట్టేసి రా."

ఆయన రాయి పట్టుకుని వెనక్కి తిరిగాడు. లోయ అడుగుకి దిగి మళ్లీ పైకి వచ్చేసరికి పొద్దు వాలింది. మోకాలు దోక్కుపోయింది, చొక్కా తడిసి ముద్దయింది. ఏ పొదలోనో విసిరేస్తే ఎవడు చూడొచ్చాడు, ఒట్టి వెర్రిబాగులవాడు అనుకుంది జగ్గమ్మ. కోపం చల్లారక గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేదు.

నెల తిరక్కుండా కంపెనీ అనుమతిమీద విచారణకు పిలుపొచ్చింది. ఊరు ఊరంతా ఆటోలెక్కి శ్రీకాకుళం వెళ్లింది. కంపెనీ యజమానిని ముఖంమీదే కడిగెయ్యాలని జగ్గమ్మ దారిపొడుగునా మాటలు కూడబెట్టుకుంది.

ఒక్కటీ అక్కర్లేకపోయింది. కంపెనీ తనంతట తానే అనుమతి వదులుకుందని, పులిగెడ్డ కొండనూ లోయనూ ఇక ఎవరూ ముట్టుకోకుండా రక్షిత అడవిగా ప్రకటిస్తున్నారని అధికారి చెప్పాడు.

డప్పులు దద్దరిల్లిపోయాయి. జగ్గమ్మ ఆఫీసు మెట్లమీదే చిందేసింది. తర్వాత రొప్పుతూ అధికారి దగ్గరకొచ్చింది.

"ఆ యజమానెవులో ఓపాలి సూపించు బాబూ. దండమెట్టుకుంతాను."

"జగన్నాధంగారు ఇందాకే వెళ్లిపోయారమ్మా. ఆమదాలవలసలో రైలు కూడా కదిలిపోయుంటుంది," అన్నాడు అధికారి. "ఎందుకు వదిలేశారండీ అని అడిగాను. ఒక్క రాయిని తీసిన చోట పెట్టి వచ్చేసరికే తల ప్రాణం తోకకొచ్చింది, కొండను తీసేస్తే మళ్లీ ఎక్కడ పెట్టగలను అన్నారు, టోపీ తీసి చెమట తుడుచుకుంటూ."