బొగ్గేసే సీటు

“తొక్కుతున్నావా, వెనక కూర్చుని మొక్కజొన్న చేలు చూస్తున్నావా?” ముందు సీట్లోంచి అరిచాడు వెర్లిన్.

“తొక్కుతున్నా బాబూ!” అంది భార్య డార్లా, రొప్పుతూ.

ఇద్దరూ కలిసి తొక్కే సైకిలది. జూలైలో దాని మీదే అమెరికాలోని తమ అయోవా రాష్ట్రాన్ని పడమటి సరిహద్దు నది నుంచి తూర్పు సరిహద్దు నది దాకా దాటాలి. అందుకే ఈ తర్ఫీదు. సైకిలువాళ్ళ భాషలో, ఆవిరి ఓడలో లాగా, ముందు కూర్చునే మనిషి కెప్టెన్, వెనక కూర్చునే మనిషి కొలిమిలో బొగ్గేసే కూలీ. కెప్టెన్ హోదా వచ్చాక వెర్లిన్ మామూలుగా మాట్లాడటం మానేశాడు.

చర్చి దాటాక పెద్ద మిట్ట మొదలైంది. నాలుగు తొక్కులు తొక్కాడో లేదో కెప్టెన్ మొహం వెలిగిపోయింది.

“చూశావా! కాళ్ళు గాల్లో తేలుతున్నట్టున్నాయి. ప్రాక్టీసంటే ఇదీ! నీకేమో ఒకటే ఆయాసం. ఆ సినమన్ రోల్స్ తగ్గించమంటే వింటేనా?”

డార్లా ముందుకి వంగి ఇంకా గట్టిగా తొక్కింది.

మిట్ట మీద దిగాక వెర్లిన్ కిందికి చూశాడు. తన పెడళ్ళని ఆమె పెడళ్ళతో కలిపే గొలుసు ఊడి వేలాడుతోంది. చక్రాన్ని తిప్పే గొలుసు మాత్రం ఆమె పెడళ్ళకే ఉంది.

“ఇదెప్పుడు ఊడింది?”

“చర్చి దగ్గర.”

“చెప్పొచ్చుగా!”

“చెబుదామనే అనుకున్నా. ఇంతలో కాళ్ళు తేలుతున్నాయన్నావు. పోనీ, తేలనిద్దాంలే అనిపించింది.”

వెర్లిన్ గొలుసు ఎక్కించి, చేతికంటిన గ్రీజు వైపే చూస్తూ నిలబడిపోయాడు.

డార్లా వెనక సీటెక్కింది.

“ఎక్కు కెప్టెన్. ఇక్కణ్ణించి అంతా పల్లమే. ఇప్పుడు నువ్వు తొక్కు.”