మూడు చిల్లుల గాస్కెట్

"ఇంకెన్నిసార్లు కొలుస్తావు బాబాయ్? ఆ పిస్టన్ సిగ్గుపడి లోపలికి పోయేలా ఉంది."

వ్యాను తెచ్చిన అమ్మాయి మాటకు పక్కన సైలెన్సరు అతుకుతున్నవాడు పకపకా నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు. ఇంజను బ్లాకు మీద గేజి నిలబెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో మూడోసారి చూశాడు. ఏ కొలతైనా మూడుసార్లు చూడనిదే పని ముందుకు జరపడు. అందుకే ఆ వీధిలో అతన్ని అందరూ ముమ్మారు అంటారు.

బల్ల మీద మూడు కొత్త గాస్కెట్లు ఉన్నాయి, బ్లాకుకూ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కూ మధ్య పరిచే రేకులు. అంచున ఒక చిల్లు ఉన్నది పలచన, రెండున్నది మధ్యరకం, మూడున్నది మందం.

"చూడ్డానికి మూడూ ఒకటేగా?" అంది అమ్మాయి.

"వెంట్రుకవాసి తేడా తల్లీ. పిస్టన్ బ్లాకు దాటి ఎంత పైకి లేస్తుందో చూసి ఎంచాలి. ఎక్కువ లేచేదానికి పలచనిది వేశామా, పిస్టన్ వచ్చి పైనున్న వాల్వుల్ని గుద్దుతుంది."

"గుద్దితే ఏమవుతుంది?"

ముమ్మారు గేజిని గుడ్డతో తుడవసాగాడు. పాత హెడ్ పగిలిందని వేరే హెడ్ తెచ్చుకుని పొద్దున్నే ఆమె ఈ బండితో షెడ్డు ముందు ఆగినప్పుడే అతను గుర్తుపట్టాడు. రంగు మారినా బండి అదే. "మా నాన్నది. ఆయన కాలు క్లచ్ తొక్కలేదుగా, నేనే తోలుతున్నా" అని ఆమె చెప్పనక్కర్లేకపోయింది.

పద్నాలుగేళ్ల కిందట ఈ షెడ్డు మేస్త్రిది. ముమ్మారు ఆయన దగ్గర పని నేర్చి, సగం పని తానే చేసే స్థాయికి వచ్చాడు. అప్పుడూ ఈ ఇంజనుకే హెడ్ మార్చాల్సి వచ్చింది. ఇంట్లో నెల బిడ్డ. వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు. అయినా కొలిచాడు, గాస్కెట్ తీసి బ్లాకు మీద పరిచాడు, అన్నానికి ఇంటికి వెళ్లి వచ్చాడు. అప్పటికే మేస్త్రి హెడ్ దించి బోల్టులు బిగిస్తున్నాడు.

బండి స్టార్టు చేస్తే లోపల సన్నగా టకటకమంది. "కొత్త హెడ్ కదా, సర్దుకుంటుందిలే" అన్నాడు మేస్త్రి.

సర్దుకోలేదు. నాలుగో రోజు కొండదారిలో వాల్వు విరిగి ఇంజను ఆగింది. వ్యాను వెనక్కి జారింది. చక్రం కింద రాయి పెట్టబోయిన డ్రైవరు పాదం నలిగిపోయింది. ఇంజను విప్పి చూస్తే, మూడు చిల్లులది ఉండాల్సిన చోట ఒక చిల్లుది! నిద్రకళ్లతో ఒకటి తియ్యబోయి ఒకటి తీశానన్నమాట అనుకున్నాడు ముమ్మారు.

డ్రైవరు బంధువులు షెడ్డు మీదికి వచ్చారు. మేస్త్రే ముందుకొచ్చాడు.

"వాణ్ణేమీ అనకండి. వాడు పరిచింది తీసి ఆ గాస్కెట్ వేసింది నేను."

నమ్మినవాడు లేడు. శిష్యుడి తప్పు నెత్తినేసుకున్నాడు, గురువంటే ఈయనరా అని వీధి వీధంతా మెచ్చుకుంది. కొట్టడానికి వచ్చినవాళ్లు కూడా ఆయనకు దణ్ణం పెట్టి వెళ్లారు. ఆ నెలలోనే మేస్త్రి పానా కింద పెట్టాడు, మళ్లీ పట్టలేదు. షెడ్డు శిష్యుడి చేతికిచ్చాడు.

ఇప్పటికీ రోజూ వచ్చి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంటాడు. ముమ్మారు ఆ స్టూలు తుడిచి వేస్తాడు, మందులు తెస్తాడు, ఆస్పత్రికి తిప్పుతాడు. కన్నకొడుకైనా ఇంత చెయ్యడంటారు చూసినవాళ్లు. కానీ ఆయన ముఖంలోకి సూటిగా చూడలేడు. ఆయనా చూడడు.

ముమ్మారు గుడ్డ పక్కన పడేశాడు.

"తల్లీ, నీకో మాట చెప్పాలి. మీ నాన్న కాలు పోవడానికి కారణం..."

"నువ్వే. తెలుసు బాబాయ్."

గుమ్మం దగ్గర స్టూలు కిర్రుమంది.

"నాన్న చెబుతూనే ఉంటాడు. ఇక్కడికి వచ్చానని ఆయనకు తెలియదు, తెలిస్తే నీ చెయ్యి పడనివ్వడు. ఇంకో షెడ్డు దొరక్క వచ్చాను." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది. "ఏమీ అనుకోకు. ఆ గాస్కెట్ ఏదో తాతగారే ఎంచితే నాకు ధైర్యంగా ఉంటుంది."

ముమ్మారు తల వంచుకుని మూడు గాస్కెట్లూ తీసుకెళ్లి మేస్త్రి ముందు పట్టుకున్నాడు.

"మీరే చెప్పండి మేస్త్రిగారూ."

మేస్త్రి వాటిని ముట్టుకోలేదు. "కొలిచావుగా. ఏది వచ్చింది?"

"మూడు చిల్లులది."

"అదే వెయ్యి."

"తాతగారూ, మీరొకసారి కొలిచి చూడండి" అంది అమ్మాయి. "ఈయన చేతి మీద నాకు నమ్మకం లేదు. మీ మాటైతే కళ్లు మూసుకుని నమ్ముతా. పరాయి బిడ్డను కాపాడ్డానికి అంతమంది ముందు అబద్ధమాడి నింద మోశారు. మనిషంటే మీలా ఉండాలని మా నాన్న ఇప్పటికీ అంటాడు."

ముమ్మారు కళ్లు చెమ్మగిల్లాయి. "నిజమే తల్లీ. ఆ రుణం ఈ జన్మకు తీరదు."

మేస్త్రి గోడ పట్టుకుని మెల్లగా లేచాడు. పద్నాలుగేళ్లలో మొదటిసారి శిష్యుడి కళ్లలోకి చూశాడు.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదురా."